వెనుక వరుసలకు అందని స్నాతకోపన్యాసం

ఉప్పల్ కూడలి నుంచి వరంగల్ రహదారిలో బోడుప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లి దాటితే నారపల్లి వస్తుంది. అక్కడి నుంచి ఘట్‌కేసర్ వైపు సాగేకొద్దీ దారికి ఇరువైపులా కళాశాలల నామఫలకాలు కనిపిస్తూనే ఉంటాయి. పట్టాల ప్రదానం జరిగే రోజున ఏ కళాశాలలో ఉత్సవమో తెలుసుకోవడానికి ఫలకాలను చదవనవసరం లేదు. భువనగిరి, ఆలేరు, జనగామ వైపు నుంచి వచ్చిన బస్సుల నుంచి ఇస్త్రీ మడతలు చెదరని తెల్లచొక్కాలతో, పెళ్ళిళ్ళకు మాత్రమే తీసే చీరలతో దిగే తల్లిదండ్రులు ఏ ద్వారం వైపు నడుస్తారో చూస్తే చాలును.

లోపల కుర్చీల అమరిక దాదాపు అన్నిచోట్లా ఒకటే. వేదికకు ఎదురుగా ఆహ్వానితులు, వారి వెనుక గౌనులు ధరించిన పట్టభద్రులు, పక్కన అధ్యాపకులు, చిట్టచివర తల్లిదండ్రులు. స్థలం చాలకపోతే తల్లిదండ్రులకు వేరొక గదిలో తెర ఏర్పాటు చేస్తారు. ముఖ్య అతిథి లేచి ముప్పావుగంట ఆంగ్లంలో మాట్లాడతారు. ప్రపంచం వేగంగా మారుతున్నదనీ, కృత్రిమ మేధ అన్నిటినీ తలకిందులు చేయనున్నదనీ, పెద్ద కలలు కనవలసినదనీ చెబుతారు. వెనుక వరుసలలో ఆహ్వానపత్రికలు విసనకర్రలవుతాయి. ముందువారు చప్పట్లు కొట్టినప్పుడు వెనుకవారు కొడతారు. తమ బిడ్డ పేరు పిలిచే క్షణం కోసం వారు ఎదురుచూస్తున్నారు. ఆ క్షణానికి ముందు వచ్చే ఉపన్యాసం వారికి వాన వెలిసేవరకు చూరు కింద నిలబడడం వంటిది.

ఇంజనీరింగు కళాశాలల ముచ్చటకూ వ్యవసాయ పరిశోధన పత్రికకూ సంబంధమేమిటని అడగవచ్చును. నారపల్లి వైపు పట్టా అందుకునే పిల్లల ఇళ్ళలోనూ, నగరానికి మరో కొసన రాజేంద్రనగర్‌లో పట్టా అందుకునే పిల్లల ఇళ్ళలోనూ బీరువాలో చాలావరకు ఒకే రకమైన కాగితాలు ఉంటాయి. తెలుగులో భూమి హక్కు పత్రమూ పట్టాయే, విశ్వవిద్యాలయం ఇచ్చే పత్రమూ పట్టాయే. మొదటి పట్టా చేయి దాటితేగాని రెండవ పట్టా చేతికి రాని కుటుంబాలు ఆ సభలో కూర్చుని ఉంటాయి. ఉప్పల్ ప్రాంతమే ఇందుకు నిలువెత్తు సాక్ష్యం. మూసీ వెంట తోటలు ఉన్నందున భగాయత్ అని పేరుపడిన నేలలో నేడు లేఅవుట్ల రాళ్ళు ఉన్నాయి. పేరులో మాత్రం తోట మిగిలింది. ఈ కుటుంబాల చరిత్రలో ఆ సభ ఎంత పెద్ద ఘట్టమో ఉపన్యాసకునికి ఎవరూ చెప్పరు. ఆయన కూడా అడగరు.

వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఈ విషయంలో అదనపు బాధ్యత ఉన్నది. ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964 జూన్ 12న ఏర్పడింది. 1965 మార్చి 20న నాటి ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి దానిని లాంఛనంగా ప్రారంభించారు. 1996లో ఆచార్య ఎన్.జి. రంగా పేరును సంతరించుకుని, రాష్ట్ర విభజన తరువాత 2014లో తెలంగాణకు ఆచార్య జయశంకర్ పేరిట వేరు విశ్వవిద్యాలయంగా రూపొందే వరకు సాగిన ప్రయాణమంతటా బోధన, పరిశోధనలతో సమానంగా విస్తరణను మూడవ కర్తవ్యంగా చెప్పుకొంటూ వచ్చింది. శాస్త్రాన్ని సామాన్యుని పొలం గట్టు వరకు తీసుకుపోవడానికి ఒక ప్రత్యేక విద్యాశాఖనే నెలకొల్పిన సంస్థ, తన అతి ముఖ్యమైన సభలో సామాన్యునికి అందని ఉపన్యాసాన్ని ఏటేటా ఏర్పాటు చేయడం విడ్డూరం. స్నాతకోపన్యాసం కూడా ఒక విస్తరణ కార్యక్రమమే. దాని మంచిచెడ్డలను అలంకారశాస్త్రంతో కాక విస్తరణ విద్యతో కొలవడం ఉచితం.

విస్తరణ విద్యలో మొదటి పాఠం వినేవారి అవసరాల గుర్తింపు. రెండవది వారి భాష. మూడవది ప్రదర్శన. 1903లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో టెరెల్ పట్టణం దగ్గర సీమన్ నాప్ చేసిన పని ఈ శాస్త్రానికి పునాదిరాళ్ళలో ఒకటి. ప్రభుత్వ క్షేత్రంలో నిపుణులు పండించి చూపితే రైతులు నమ్మడం లేదని గ్రహించి, ఒక రైతు చేత ఆయన సొంత పొలంలోనే కొత్త పద్ధతులతో సాగు చేయించారు. నష్టం వస్తే భరించడానికి పట్టణ వర్తకులు ముందే పూచీ పడ్డారు. వేరొకరి గెలుపు గురించి వినడం కంటె తనవంటివాని చేను చూడడం రైతును కదిలించింది. నేడు స్నాతకోత్సవ వేదికలపై వినిపించే విజయగాథలలో అధికభాగం ప్రభుత్వ క్షేత్రాల వంటివి. అవి నిజమే కావచ్చు, ఘనమైనవే కావచ్చు. కాని వినే విద్యార్థికి ఆ నేల తన నేలగా తోచదు, ఆ నీటివసతి తనకు లేదని మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది.

వ్యవసాయ పట్టభద్రులు ఈ పాఠం తరగతిలోనే కాక ఊరిలో కూడా నేర్చుకుని ఉంటారు. నాలుగవ సంవత్సరంలో గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమం కింద నెలల తరబడి ఒక గ్రామంలో మకాం పెట్టి, ఒక రైతును ఆదర్శంగా తీసుకుని, ఆయన వెంట నడిచి వచ్చినవారు వీరు. విత్తనశుద్ధి గురించి మొదటి రోజు పాఠ్యపుస్తక భాషలో చెప్పబోయి, ఎవరూ వినకపోవడం గమనించి, రెండవ రోజు బకెట్టు, మందు, విత్తనాలు తెప్పించి చేసి చూపడం నేర్చుకున్నవారు వీరు. అటువంటి విద్యార్థులకు వీడ్కోలు పలికే ఉపన్యాసం, వారు మొదటి రోజు చేసిన పొరపాటునే పునరావృతం చేయడం సరికాదు.

స్నాతకమన్న మాట తెలుగువారికి కొత్తది కాదు. అనేక పెళ్ళిళ్ళలో ఇప్పటికీ స్నాతకం జరుగుతుంది. గొడుగు, పాంకోళ్ళతో కాశీకి బయలుదేరిన వరుని బావమరిది బతిమాలి వెనక్కు తెచ్చే వేడుక దాని వెంటనే వస్తుంది కనుక నవ్వులలో అసలు అర్థం మరుగునపడింది. గురుకులంలో చదువు ముగించి, స్నానం చేసి, ఇంటికి మరలే విద్యార్థి స్నాతకుడు. అతనికి ఆచార్యుడు చెప్పే మాటలు తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లిలో పదకొండవ అనువాకంలో ఉన్నాయి. స్నాతకోత్సవాలలో దాని మొదటి పలుకులు తరచుగా వినిపిస్తాయి. కాని ఎక్కువమంది ఆ మొదటి పలుకులతోనే ఆగిపోతారు. కొంచెం ముందుకు పోతే, మా నడవడిలో మంచివి ఏవో వాటినే అనుసరించు, తక్కినవాటిని విడిచిపెట్టు అని గురువే శిష్యునికి చెబుతాడు. తనలో అనుసరించదగనివి కూడా ఉన్నాయని ఆచార్యుడు చివరి రోజున ఒప్పుకొంటున్నాడన్నమాట. ఉపన్యాసకుడు శ్రోతకు దగ్గర కావడానికి ఇంతకంటె పాత ఉపాయం, ఇంతకంటె మంచి ఉపాయం మరొకటి కనబడదు. అదే ఉపనిషత్తులోని భృగువల్లి అన్నాన్ని నిందించరాదనీ, అన్నాన్ని సమృద్ధిగా చేయవలెననీ వ్రతంగా విధించింది. వ్యవసాయ విశ్వవిద్యాలయపు వేదికకు ఈ రెండూ కలిసి రావడం ఎంత సమంజసమో చెప్పనవసరం లేదు.

ఆచార్యుని ఒప్పుకోలుకూ నేటి వేదికలపై వినిపించే వైఫల్య ప్రశంసకూ తేడా చూడవలసి ఉన్నది. 2005 జూన్ 12న స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో స్టీవ్ జాబ్స్ చేసిన ప్రసంగం తరువాత ఈ ధోరణి ప్రపంచమంతటా ప్రబలింది. ఆయన కాగితం చూసి చదివారు. తన జీవితంలోని మూడు కథలు మాత్రమే చెబుతానన్నారు. కళాశాల చదువు మధ్యలో మానడం, తాను స్థాపించిన సంస్థ నుంచి తానే వెలివేయబడడం, క్యాన్సరు వ్యాధి తెచ్చిన మృత్యుభయం. పావుగంటలో ముగిసిన ఆ ప్రసంగం శ్రోతలను పట్టి ఉంచడానికి కారణం వైఫల్యాన్ని పొగడడం కాదు. చదువు మానిన తరువాత కూడా కూర్చుని నేర్చుకున్న అక్షరలేఖన తరగతి ఏళ్ళ తరువాత కంప్యూటరు తెరపై అక్షరాల రూపానికి ఎలా పనికివచ్చిందో చెప్పిన నిర్దిష్టత అసలు కారణం. అనుకరించినవారు నిర్దిష్టతను వదిలి వైఫల్యాన్ని పట్టుకున్నారు. నేడు ప్రతి అతిథికీ మూడు కథలు ఉన్నాయి, ప్రతి కథలోనూ ఒక ఓటమి ఉన్నది, ప్రతి ఓటమీ రెండు వాక్యాలలో గెలుపుగా మారిపోతుంది.

ఈ పోకడ నారపల్లిలోనైనా, రాజేంద్రనగర్‌లోనైనా ఒక ప్రత్యేకమైన అపచారం చేస్తున్నది. ఓడిపొండి, త్వరగా ఓడిపొండి, మళ్ళీ మొదలుపెట్టండి అన్న సలహా పెట్టుబడి వేరొకరిదైన వ్యాపారానికి సరిపోవచ్చు. ఒక ప్రయత్నం మునిగితే మరో మదుపరి దొరుకుతాడు. రెండెకరాలలో పత్తి వేసి, గులాబీ రంగు కాయతొలుచు పురుగు ముందు ఓడిన రైతుకు ఆ ఓటమి అప్పుగా మారుతుంది. మిర్చి తోటలో తామర పురుగు సోకిన ఏడాది ఆ ఇంటి చదువు ఫీజు ఏమవుతుందో వెనుక వరుసలకు బాగా తెలుసును. వారి ఎదుట ఓటమిని ఆభరణంగా చూపడం, ఎంత సదుద్దేశంతోనైనా, ఆకలిగొన్నవాని ముందు ఉపవాస మహిమను వర్ణించడమే. ఓటమిని గురించి చెప్పదలచిన అతిథి ఆ ఓటమి ఖర్చును ఎవరు భరించారో కూడా చెప్పవలెను. తండ్రి భరించాడా, ప్రభుత్వ ఉపకారవేతనం భరించిందా, భార్య జీతం భరించిందా అన్నది చెప్పినప్పుడు కథ నిజమవుతుంది, సభలో ఎవరో ఒకరు తలపైకెత్తి వింటారు. నాప్ మహాశయుడు కూడా నష్టాన్ని ఎవరు భరిస్తారో తేల్చిన తరువాతనే రైతును ప్రయోగానికి దింపాడు.

భాష విషయానికి వస్తే ఈ దేశంలో చర్చ నూరేళ్ళకు పైబడినది. 1916 ఫిబ్రవరిలో కాశీ హిందూ విశ్వవిద్యాలయ ప్రారంభ సందర్భాన గాంధీజీ ప్రసంగించారు. ఆ పుణ్యక్షేత్రంలో తన దేశవాసులతో పరాయి భాషలో మాట్లాడవలసి రావడం తనకు సిగ్గుగా ఉన్నదని, ఆంగ్లంలోనే, చెప్పారు. వేదికపై ఆభరణాలతో మెరుస్తున్న సంస్థానాధీశులను చూపి ఆ సంపద రైతుల శ్రమ నుంచి వచ్చినదేనన్నారు. దేశానికి విముక్తి వకీళ్ళ వలన, వైద్యుల వలన, భూస్వాముల వలన రాదనీ, రైతు వలననే రాగలదనీ చెప్పారు. అనిబిసెంటు ఆపమన్నారు, పెద్దలు లేచిపోయారు, సభ అర్ధాంతరంగా ముగిసింది. మర్యాద దృష్టితో చూస్తే అది విఫలమైన ప్రసంగం. విద్యార్థులు మాత్రం ఇంకా మాట్లాడమని కోరారు. 1937లో కలకత్తా విశ్వవిద్యాలయ స్నాతకోత్సవంలో రవీంద్రనాథ ఠాగూరు తొలిసారిగా బెంగాలీలో స్నాతకోపన్యాసం చేసి ఆ సంప్రదాయపు తలుపు తెరిచారు.

హైదరాబాదు అనుభవం మరొక కోణాన్ని చూపుతుంది. నాచారానికి, హబ్సిగూడకు పొరుగున ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. భారతీయ భాషలో ఉన్నత విద్య సాధ్యమని నిరూపించిన మహాప్రయత్నమది. అయినా సంస్థానంలో అధికసంఖ్యాకులకు తెలుగు మాతృభాష. దేశభాష అయినంత మాత్రాన సభలోని వారి భాష కాదని ఆ ఉదాహరణ నేర్పుతుంది. అదే విధంగా, నేడు తెలుగులో మాట్లాడితే చాలునన్న వాదం కూడా అసంపూర్ణమే. వ్యాకరణం తెలుగుదై, పదాలన్నీ ప్రభుత్వ ఉత్తర్వులలోనివైతే వెనుక వరుసల స్థితి మారదు. రైతు ఎండాకు తెగులు అంటాడు, నాట్లు ఆలస్యమైనాయంటాడు, బోరు ఎత్తిపోయిందంటాడు. ఈ మాటలు వేదికనెక్కితే వేదిక గౌరవానికి లోటేమీ రాదు.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయమైనదే. భారత వ్యవసాయ పరిశోధన మండలి కోటా ద్వారా ఇతర రాష్ట్రాల విద్యార్థులు ఇక్కడ చదువుతున్నారు, విదేశీ విద్యార్థులు కూడా ఉన్నారు. అతిథి తరచుగా ఢిల్లీ నుంచో, మరో దేశం నుంచో వస్తారు. తెలుగు రాని పండితుని పిలవడం మానవలెనని ఎవరూ అనరు. ఉపన్యాసం ప్రతిని ముందుగా తెప్పించుకుని, రెండు పుటల తెలుగు సారాన్ని మంచి రచయిత చేత రాయించి, వెనుక వరుసల కుర్చీలపై ఉంచడానికి అయ్యే ఖర్చు వేదికపై పూల ఖర్చుకు సరిరాదు. దుస్తుల విషయంలో ఈపాటి సంస్కరణ ఇప్పటికే జరిగింది. 2010 ఏప్రిల్‌లో భోపాల్‌లోని భారతీయ అటవీ నిర్వహణ సంస్థ స్నాతకోత్సవంలో కేంద్ర మంత్రి జైరాం రమేశ్ గౌను తీసివేసి వలసపాలన అవశేషంగా దానిని తప్పుపట్టారు. 2019లో విశ్వవిద్యాలయాల నిధుల సంఘం స్నాతకోత్సవాలకు చేనేత వస్త్రాలు వాడమని సూచించింది. ఒంటిమీది బట్ట మారగలిగినప్పుడు నోటిలోని మాట మారలేకపోవడానికి కారణం కనబడదు.

భాష కంటె విషయం ముఖ్యమని అనేవారికి 1947 నాటి ఒక ఉదాహరణ బలమిస్తుంది. ఆ ఏడాది జూన్ 5న హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో గౌరవ పట్టా అందుకున్న అమెరికా విదేశాంగ మంత్రి జార్జి మార్షల్ ఆ మధ్యాహ్నం పూర్వవిద్యార్థుల సభలో సుమారు పన్నెండు నిమిషాలు మాట్లాడారు. హాస్యం లేదు, ఆత్మకథ లేదు, కలలు కనమన్న ఉద్బోధ లేదు. యుద్ధంలో చితికిన ఐరోపాలో ఆహారం ఎందుకు కరువైనదో ఆయన వివరించారు. రైతు పండించిన ధాన్యాన్ని పట్టణంవారి సరుకులతో మార్చుకోవడం నాగరికతకు మూలమనీ, పట్టణాల కర్మాగారాలు కూలిపోయి రైతు కొనదగిన సరుకే లేకపోవడంతో రైతుకు తన పంట అమ్మడంలో లాభం కనిపించడం లేదనీ, అందువలన చేలను బీళ్ళుగా వదిలి పశువులను మేపుతున్నాడనీ, ధాన్యాన్ని పశువులకే పెడుతున్నాడనీ, అదే సమయంలో పట్టణాలలో తిండికి, వంటచెరకుకు కటకట ఏర్పడిందనీ చెప్పారు. వ్యవసాయ ఆర్థికశాస్త్రంలో ఒక అధ్యాయాన్ని ఆ సభ నిశ్శబ్దంగా విన్నది. మార్షల్ ప్రణాళికగా పేరొందిన సహాయ పథకం ఆ ప్రసంగం నుంచి మొదలై, 1948లో చట్టమై, సుమారు 1,300 కోట్ల డాలర్లను ఐరోపా పునర్నిర్మాణానికి తరలించింది. రసవంతమైన ఉపన్యాసమంటే చమత్కారాల మూట అనుకునేవారు ఈ పన్నెండు నిమిషాలను గమనించదగును. వినేవారిని పెద్దవారిగా భావించి, ఒక నిజమైన సమస్యను దాని కార్యకారణాలతో సహా వారి చేతిలో పెట్టడం కూడా ఆకట్టుకునే విధానమే. బహుశా అన్నిటికంటె గౌరవప్రదమైన విధానం.

అటువంటి విషయాల కోసం హార్వర్డ్ వరకు పోనక్కరలేదు. నారపల్లి నుంచి నగరంలోకి వచ్చేటప్పుడు ఉప్పల్ దాటిన తరువాత హబ్సిగూడలో కణ, అణు జీవశాస్త్ర కేంద్రం ఉన్నది. తెలుగు నేల అంతటా బీపీటీగా పిలుచుకునే సాంబ మసూరి వరి, బాపట్ల పరిశోధన స్థానం నుంచి 1986లో విడుదలైన రకం. సన్న గింజ, మంచి వంట నాణ్యత, మిల్లరు ఆదరణ, బజారులో ధర అన్నీ ఉన్న ఆ రకానికి బాక్టీరియా ఎండాకు తెగులు శత్రువైంది. తెగులును తట్టుకునే ఇతర రకాలు ఉన్నా వాటి గింజకు ఆ ఆదరణ లేదు. వదులుకుంటే ధర పోతుంది, అంటిపెట్టుకుంటే పంట పోతుంది. హబ్సిగూడ కేంద్రమూ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంచాలక కార్యాలయమూ కలిసి, జన్యుమార్పిడి పద్ధతికి పోకుండా, తెగులును తట్టుకునే మూడు జన్యువులను సంకరణం ద్వారా, మార్కర్ల సాయంతో ప్రతి తరంలోనూ మొక్కలను ఎంచుకుంటూ, సాంబ మసూరిలోకి చేర్చాయి. గింజ గుణం చెడకుండా మొక్కకు బలం చేకూర్చిన ఆ మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది.

ఈ కథను ఒక అతిథి స్నాతకోత్సవంలో పది నిమిషాలు చెప్పారనుకొందాం. పట్టభద్రులు తాము పరీక్షలకు చదివిన మార్కర్ల పాఠానికి ఒక ముఖం చూస్తారు. వెనుక వరుసలోని తండ్రి బీపీటీ అన్న మాట వినగానే ముందుకు వంగుతాడు. ఆ పేరు ఆయన పొలంలోనిది, ఆయన కంచంలోనిది. తల్లికి ఆ బియ్యం వండిన తీరు తెలుసును. తన బిడ్డ నాలుగేళ్ళు ఏమి చదివినదో ఆ తల్లిదండ్రులకు బహుశా మొదటిసారిగా అర్థమవుతుంది. తరాల వారీగా పనికిరాని మొక్కలను పీకివేస్తూ ఏళ్ళు గడిపిన శాస్త్రజ్ఞుల ఓపికను చెప్పినప్పుడు, పట్టుదల అన్న మాటను ఉచ్చరించవలసిన పనే ఉండదు. స్థానిక విషయం తీసుకుంటే ఉపన్యాసం స్థాయి తగ్గుతుందన్న భయం నిరాధారం. సాధారణ సూక్తులే స్థాయిని తగ్గిస్తున్నాయి.

అతిథి ఎవరైతే బాగుంటుందన్న ప్రశ్నకు పూర్వవిద్యార్థి అన్నది తరచు వచ్చే సమాధానం. 2023 అక్టోబరు 31న జరిగిన ఉస్మానియా 83వ స్నాతకోత్సవానికి, అక్కడే ఇంజనీరింగు చదివిన అడోబ్ సంస్థ అధిపతి శంతను నారాయణ్ అతిథిగా వచ్చి గౌరవ డాక్టరేటు అందుకున్నారు. అదే మెట్లెక్కిన మనిషి వేదికపై నిలబడితే సగం దూరం తగ్గుతుందన్నది నిజం. మిగిలిన సగం మాత్రం మాటతోనే తగ్గాలి. పదవుల క్రమాన్ని ఏకరువు పెడితే పూర్వవిద్యార్థి కూడా పరాయివాడే అవుతాడు. అబ్దుల్ కలాం తన సభలలో విద్యార్థుల చేత ప్రతిజ్ఞ పలికించేవారు. ఆయనకు అది శోభించింది. అనుకరించేవారి చేతిలో అది ప్రార్థనా సమావేశమైపోయింది.

ఎవరూ అంతగా ఆలోచించని మరొక అవకాశం ఉన్నది. స్నాతకోత్సవంలో పట్టభద్రులు నోరు విప్పే సందర్భం ప్రమాణం చేసేటప్పుడు మాత్రమే. అమెరికా విశ్వవిద్యాలయాలలో విద్యార్థి ప్రతినిధి ప్రసంగం చాలాచోట్ల కార్యక్రమంలో భాగం. ఇక్కడ కూడా గ్రామీణ కృషి అనుభవం పొందిన ఒక విద్యార్థి, ఆతిథ్యమిచ్చిన రైతు ఎదుట, అయిదు నిమిషాలు మాట్లాడితే ముఖ్య అతిథి ఉపన్యాసానికి కూడా మేలే. తరువాత మాట్లాడేవారు ఆ స్వరానికి తమ స్వరాన్ని సరిచేసుకొంటారు. ఆ రైతును సభకు ఆహ్వానించి ముందు వరుసలో కూర్చోబెట్టడం ప్రోటోకాల్‌కు భంగమని అనుకునే అధికారులు ఉండవచ్చు. పాఠం చెప్పినవారిని గురువులుగా లెక్కించడం పాత సంప్రదాయమే.

మాట్లాడడం కంటె అడగడం బలమైనదని చూపే ఘట్టం కూడా ఈ దారి చివరనే ఉన్నది. నారపల్లి నుంచి ఘట్‌కేసర్, బీబీనగర్ దాటి దక్షిణానికి మళ్ళితే పోచంపల్లి వస్తుంది. 1951 ఏప్రిల్‌లో రాజేంద్రనగర్ పక్కనున్న శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం ముగించుకుని వినోబా భావే కాలినడకన తెలంగాణ పల్లెలలోకి బయలుదేరారు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితవాడకు పోయి వారికి ఏమి కావాలని అడిగారు. ఎనభై ఎకరాల భూమి కావాలని వారు చెప్పారు. ఆయన ఆ సంగతిని సభ ముందుంచి ఎవరైనా సాయపడగలరా అని అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం సాధించినదెంత, సాధించలేకపోయినదెంత అన్నది వేరే చర్చ. ఆ రోజు సభలో జరిగినది మాత్రం స్పష్టం. ముందు అవసరం తెలుసుకున్నారు, తరువాత అది తీర్చగలవారి ఎదుట ఆ అవసరాన్ని పేరుపెట్టి చెప్పారు, ఆ తరువాత సమాధానం కోసం ఆగారు. తెలంగాణలో 2020లో కట్టడం మొదలైన 2,601 రైతు వేదికలలో రేపు కూర్చోబోయే పట్టభద్రులకు స్నాతకోపన్యాసం ద్వారా అందవలసిన నమూనా ఇదే. అక్కడ ప్రసంగించేవారికి కొరత లేదు. యూరియా ఎప్పుడు వస్తుందో అడిగిన రైతుకు జవాబు చెప్పి, ఆయన అడగని నేల సమస్యను ఆయన చేతనే అడిగించగలవారు కావాలి.

అతిథికి ఆహ్వానలేఖ పంపేటప్పుడు సాధారణంగా విశ్వవిద్యాలయ చరిత్ర, పరిశోధన విజయాల పట్టిక జతచేస్తారు. దానితోపాటు సభను గురించి ఒక పుట జతచేయడం కష్టం కాదు. వ్యవసాయ డిగ్రీ ప్రవేశాలలో రైతు కోటా ఉన్నది. అభ్యర్థి కుటుంబానికి ఎంత భూమి ఉన్నదో, గ్రామీణ ప్రాంతంలో ఎన్ని సంవత్సరాలు చదివినాడో ఆ దరఖాస్తులలోనే నమోదై ఉంటుంది. పేర్లు బయటపెట్టకుండా, ఈ ఏడాది పట్టా అందుకునేవారిలో ఇంట్లో మొదటి పట్టభద్రులు ఎందరు, ఏయే జిల్లాల నుంచి వచ్చారు, ఆ ఇళ్ళలో ఏయే పంటలు పండుతాయి, ఎందరికి రెండెకరాల లోపు భూమి ఉన్నది, ఎందరు ఉన్నత చదువుకు పోతున్నారు, ఎందరు బ్యాంకు పరీక్షలకు కూర్చుంటున్నారు, ఎందరు తిరిగి ఊరికి పోతున్నారు అన్న వివరాలు రిజిస్ట్రారు కార్యాలయంలో ఒక గుమాస్తా రెండు రోజులలో తీయగలడు. ఆ పుట చదివిన తరువాత కూడా అతిథి ప్రపంచం వేగంగా మారుతున్నదనే మాటతో మొదలుపెడితే, కనీసం ఎవరి ప్రపంచమో తెలిసి మొదలుపెడతారు.